గుమ్మటం బాబాయ్ తరిమిన రాయి

టీకొట్టు బెంచీ మీద అందరూ ఆయన్ని గుమ్మటం బాబాయ్ అంటారు. వేధశాలలో పెద్ద దూరదర్శిని మీది గుమ్మటాన్ని చక్రం తిప్పి తెరవడం, ఆకాశం ఫోటోలు తీసిన గాజు పలకలు కడగడం ఆయన ముప్ఫై ఏళ్ల ఉద్యోగం.

ఆ సాయంత్రం టైలరు టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మూడొందల కిలోమీటర్ల రాయొకటి భూమ్మీదికొస్తోందని ఎవరో ఫోనులో పంపారు. నెలలు నిండిన భార్య అది చదివి రెండ్రోజులుగా సరిగా తినడం లేదు.

"ఆ రాయా? దాన్ని కనిపెట్టిందే నేను తమ్ముడూ," అన్నాడు బాబాయ్. "గొప్పకి చెప్పడం లేదు. అప్పట్లో ఓరోజు పొద్దున్నే పలకలు చూస్తున్నా, ఒకే ఆకాశం, రెండు రాత్రుల ఫోటోలు. నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్క చుక్క మాత్రం పక్కకి జరిగింది. దుమ్మన్నారు పెద్ద సారు. 'దుమ్ము నడుస్తుందా అండీ' అన్నా. ఆయన లేచి తన కుర్చీ నాకిచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సన్మానం చేశారా?" అడిగాడు టీకొట్టాయన.

"సన్మానానికి తీరికేదీ? ఆ రాత్రే దూరదర్శినికి కన్నానించా. బొగ్గులాంటి నలుపు, బంగాళాదుంప ఆకారం, ఐదు గంటలకోసారి బొంగరంలా తిరుగుతోంది. దానిమీద గుంటలు లెక్కపెట్టా, నాలుగు వేల పన్నెండు. మధ్యలో లెక్క తప్పితే, పాపం, అది తిరగడం ఆపి నిలబడింది."

"నీ కోసమా?"

"మరి? అంతలో దానికేం బుద్ధి పుట్టిందో, సరాసరి మన ఊరి మీదికి బయల్దేరింది. నేను గుమ్మటం చక్రం పట్టుకుని తిప్పా చూడూ, ఆ గాలికి గేటు దగ్గర సైకిళ్లు లేచి కొమ్మలకి తగులుకున్నాయి, చంద్రుడు జానెడు పక్కకి జరిగాడు, ఇప్పటికీ సర్దుకోలేదు. రాయి గింగిరాలు కొట్టుకుంటూ వెనక్కి పోయింది. ఇన్నాళ్లకి మళ్లీ వస్తోందంటే నామీద పగే."

టైలరు ముఖం పాలిపోయింది. "అంటే, వస్తోందన్నమాట నిజమేనా బాబాయ్?"

బాబాయ్ పక్క బెంచీ వైపు తిరిగాడు. వేధశాలలో గ్రహాల దారులు లెక్కకట్టి రిటైరైన అక్కయ్య అక్కడ టీ తాగుతోంది.

"నువ్వు చెప్పు అక్కయ్యా," అన్నాడు మెల్లగా.

"రాదు నాయనా," అందామె టైలరుతో. "దాని దారి లెక్కకట్టింది నేనే. అంగారకుడికీ గురుడికీ మధ్య, రాళ్లగుంపులో ఉంటుంది. సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి ఐదున్నరేళ్లు. ఎంత దగ్గరైనా, సూర్యుడు మనకెంత దూరమో అంతకంటే ఎక్కువ దూరంలోనే. ఇటు రాలేదు, రాదు."

"మరి బాబాయ్ చూసిన చుక్క?"

"చూడ్డమెక్కడ? దుమ్మనుకుని తుడిచేశాడు. గట్టిగా రుద్దితే పలక మీది పొర కూడా ఊడొచ్చింది. తర్వాత నెల్లాళ్లు మబ్బులు. మళ్లీ ఆ చుక్క దొరికేదాకా పెద్ద సారు ఈయనతో మాట్లాడలేదు."

బాబాయ్ తల గోక్కున్నాడు. "రాదు కదా, అంతే కావాలి," అన్నాడు.

టైలరు అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. "రాదట. లెక్కకట్టినావిడే చెప్పింది. లేచి అన్నం తిను," అన్నాడు. కాసేపు విని, కళ్లు తుడుచుకుని నవ్వాడు. "సరే, నేనొచ్చాక ఇద్దరం తిందాం."