ఓస్టర్‌మన్ గారి నెత్తిన డిష్‌వాషర్

ఆగండాగండి, ఎక్కడికా తొందర, ముందు ఇది వినండి! బీలెఫెల్ట్ ఊళ్ళో ఒక శనివారం మధ్యాహ్నం, మూడో అంతస్తు వంటగది. స్టూలు మీద రోస్విథా అనే పెద్దావిడ, నేల మీద బోర్లా పడుకుని ఆవిడ తమ్ముడు డెట్లెఫ్. ఇద్దరి మధ్యా వాళ్ళమ్మ నాటి డిష్‌వాషర్. ఏళ్ళ తరబడి సెల్లార్లో బంగాళాదుంపల బస్తాల వెనకుండి నిన్ననే పైకొచ్చింది.

"వద్దన్నానా! ఆ రబ్బరు ముక్కలు దాని కాళ్ళ కింద పెట్టొద్దురా."

"అక్కా, పెట్టకపోతే టైల్సు మీద గంతులేస్తుంది."

"వెయ్యనీ."

"కింద ఓస్టర్‌మన్ గారి సీలింగు ఊడి ఆయన కాఫీలో పడుతుంది."

"పడనీ. పాలకి బదులు సున్నం తాగుతాడు. నువ్వు పని చూడు."

"ఓహో, అందుకా? మొన్న ఫోన్లో 'అమ్మ గుర్తొస్తోందిరా, అమ్మ మిషను బాగుచేసి పెట్టు' అన్నావు. నేను ఏడ్చినంత పని చేశాను!"

"అమ్మ గుర్తు రాదా ఏం? వస్తుంది. ఆ టార్చి ఇటు పెట్టు."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. గొట్టం బిగించావా?"

"కొత్తది వేశా. పాతది ముట్టుకుంటే బిస్కట్టులా విరిగింది. తలుపు రబ్బరు మాత్రం బతికే ఉంది, గ్లిజరిన్ పట్టించా."

"మోటారో?"

"పట్టేసింది. ఇన్నేళ్ళు ఎండిపోయుంటే పట్టేయదా? నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టా. ఇప్పుడు వెనకనుంచి ఫ్యాను చేత్తో తిప్పాలి... అబ్బా... కదలదే... కదల్దే ఇది..."

"తిట్టి తిప్పు."

"ఎవర్ని?"

"కిందాయన్ని."

"...కదిలిందక్కా!"

"చూశావా."

"కానీ గరగరమంటోంది. బేరింగులో చుక్క నూనె వేస్తే చప్పుడే ఉండ..."

"ఆ నూనె సీసా ఇటివ్వు."

"నువ్వేస్తావా?"

"దాచేస్తాను."

"అక్కా! నూనె లేకపోతే బేరింగు పోతుంది!"

"పోయేలోపు వాడి ప్రాణం తోడేస్తే చాలు నాకు."

"ఏంటక్కా ఈ పంతం. బావ పాటని ఆయన ఆపించాడు, సరే..."

"సరేనా?"

"అంటే నా ఉద్దేశం..."

"సరే అనకు. నువ్వు హాంబుర్గ్‌లో కూర్చున్నావు, నువ్వు చూళ్ళేదు. ఎవాల్ట్‌కి లేచి కూర్చోడమే గగనమైపోయిన రోజులవి. భోంచేశాక ఒక్క పాట. ఒక్కటే. అకార్డియన్ లాగడానికే సగం ఊపిరి అయిపోయేది మీ బావకి. వెంటనే కిందనుంచి చీపురుకర్ర. టక్, టక్, టక్."

"ఒంటిగంట నుంచి మూడు దాకా చప్పుడు చెయ్యకూడదని బిల్డింగు రూలుంది కదా మరి."

"నాకు చెప్తున్నావా రూలు? ఆ టైములో ఖాళీ సీసా కూడా చెత్త డబ్బాలో వెయ్యలేదు నేను ఇన్నేళ్ళలో!"

"మూడు దాటాక వాయించుకోవచ్చుగా?"

"మూడయ్యేసరికి మందుల మత్తులో పడిపోయేవాడు. అదే కిందికెళ్ళి బతిమాలుకున్నాను. తలుపు సందులోంచి ఏమన్నాడో తెలుసా? 'రూలు రూలేనండీ' అన్నాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఎవాల్టే దాన్ని పెట్టెలో పెట్టేశాడు. 'పోనీలే రోసీ' అన్నాడు. పోయేదాకా దుప్పటి మీద వాయిస్తున్నట్టు వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు."

"అయ్యో బావా..."

"ముక్కు చీదకు. టైమెంత?"

"మూడు కావస్తోంది."

"చర్చి గంట కొట్టనీ. రూలు రూలే."

"మిషను ఉప్పు పోశా, సబ్బు పౌడరు పోశా, ఎర్త్ చూశా... ఆఁ, గంట కొట్టిందక్కా! మీట తిప్పు!"

"తిప్పుతున్నా. ఎవాల్ట్, వింటున్నావా?"

"నీళ్ళు పడుతున్నాయ్... కారట్లేదు... ఓరి నాయనో! ఇదేం చప్పుడు! ట్రాక్టరు!"

"ఏంటీ?"

"ట్రాక్టరంటున్నా!"

"ఇంకోసారి అను, హాయిగా ఉంది!"

"చీపురుకర్ర వినపడట్లేదేంటక్కా?"

"వస్తుంది, ఆగు."

"అక్కా, బెల్లు. తలుపు బెల్లు!"

"వచ్చాడు! నువ్వు తలుపు తీసి పంపించు, మాట మాత్రం నేనే అనాలి. రండి, రండి ఓస్టర్‌మన్ గారూ. మూడు దాటింది. రూలు రూలేనండీ!"

"దాటిందండీ, నేనూ గంట విన్నాను. అది... అది పైన క్రోము పట్టీ ఉండే పాతరకం మిషనేనా?"

"అయితే ఏం?"

"నీళ్ళు తోడాక ఒక్క క్షణం ఆగి దగ్గుతుంది. ఇదుగో... ఇదుగో, విన్నారా? మా ఎల్‌ఫ్రీడె మిషనూ అచ్చం ఇలాగే దగ్గేది."

"మీ ఆవిడదా?"

"అంట్లు సర్దేసి దాని పక్కనే కూర్చుని గళ్ళనుడికట్టు పూరించేది. నేను అక్కడే బల్ల మీద కునుకు తీసేవాణ్ణి. ఆవిడ పోయాక మావాడు దాన్ని పారేసి కొత్తది పెట్టాడండీ. అది నడుస్తోందో లేదో కూడా తెలీదు. ఇంట్లో ఒకటే నిశ్శబ్దం."

"నిశ్శబ్దమంటే మీకు ప్రాణం కదండీ."

"సంగీతం పడదండీ నాకు, తలలో పోటెత్తుతుంది. ఇది వేరు."

"అక్కా, ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు."

"నువ్వూరుకోరా."

"మిమ్మల్ని ఒకటడగొచ్చా? ఆవిడ భోజనాలవగానే వేసేది. రోజూ ఒంటిగంటకి. రేపు ఆదివారం, రోజంతా చప్పుడు కూడదని తెలుసు, ఆ టైములో అసలే కూడదనీ తెలుసు. కానీ చీపురుకర్ర నా దగ్గరే కదండీ ఉంది. నేను కొట్టనుగా. రేపు ఒంటిగంటకి... ఒక్కసారి వేస్తారా?"

"ఒంటిగంటకా? అప్పట్లో రోజూ ఒంటిగంటకి కిందనుంచి వచ్చే ఆ గుర్రుగుర్రు మీ మిషనుదేనా?"

"పైకి వినపడేదా? మీరెప్పుడూ ఏమీ అనలేదే!"

"నేలకేసి కొడదామని చీపురు పట్టుకుని వంగేదాన్ని. ఎవాల్ట్ లాక్కునేవాడు. 'పోనీలే రోసీ' అనేవాడు."

మిషను మరోసారి ఆగి దగ్గింది. రోస్విథా చెయ్యి ఇంకా ఆ గుండ్రటి మీట మీదే ఉంది. ఆ చెయ్యే మీదైతే, చెప్పండి, రేపు ఒంటిగంటకి మీరేం చేస్తారు?