కాటమరాజు ఇంటికొచ్చిన చాందిని

ఏంది అబ్బయ్యా, మొగం అట్ల పెట్టినావు? పిల్లి సంగతా? నిన్న తెచ్చిన పిల్లి ఇంకా మంచం కింద నుంచి బయటికి రాలేదా? ఓస్, దానికేనా! రాదు మరి. నిన్ను ఎత్తకపోయి ముక్కూ మొగం తెలీనోళ్ల ఇంట్లో పడేస్తే నువ్వు మాత్రం లేసి కూర్చోని పప్పన్నం అడుగుతావా? కూర్చో, చెప్తా. మా కాటమరాజు పెదనాయన సంగతి నీకెప్పుడన్నా చెప్పినానా? లేదా? ఈ పక్కిల్లే ఆయనది. ఇప్పుడు సెల్లు షాపు పెట్టినారే, అదే. ఆయన గోడకవతల దగ్గితే ఇవతల మాకు మెలకువొచ్చేది. పలకల యాపారం ఆయనది. మన మార్కాపురం పలకలు గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్ది రైలుకెక్కించేవాడు. పిల్లోళ్లు అఆలు దిద్దేది తన పలక మీదనే గదా, అందుకని తెలుగు మొత్తం తన సొంత ఆస్తి అనుకున్నాడు, పాపం.

తెలుగోళ్లకు రాష్ట్రం కావాలని ఊరేగింపులు తీసినప్పుడు అందరికంటే ముందర జెండా పట్టుకోని నడిచినోడాయన. వచ్చినాక ఊరుకుంటాడా? కచేరి కాడ మీటింగు పెట్టి, మైకు పట్టుకోని, "ఈ పొద్దు నుంచి నా నోట్లో తెలుగు తప్ప ఇంకో మాట పుట్టదు" అని ఒట్టేసినాడు. కచేరీ, మీటింగూ, మైకూ ఎవరి మాటలు సామీ అని అడిగినోడు లేడు. ఎవరన్నా దుకాణం అంటే "అంగడి అనరా!" అని కసురుకునేవాడు. చప్పట్లు మాత్రం బాగనే కొట్టినారులే. ఇంక ఆయన ప్రాణానికి ప్రాణమైన సావాసగాడు ఎవరనుకున్నావు? లాల్ అహ్మద్, తాలూకా ఆఫీసు గుమాస్తా. ఇద్దరూ ఒకే సందులో గోలీలాడినోళ్లు. మా పెదనాయనకు సాయిబుల మాట, అదే ఉర్దూ, నీళ్లు తాగినట్టు వచ్చేది. లాల్ అహ్మద్ తెలుగైతే ఇంకా బాగుండేది, పద్యం ఎత్తుకున్నాడంటే మా పెదనాయన నోరు తెరుచుకోని వినేవాడు. ఒట్టేసుకున్నాక ఈయన తెలుగు తప్ప మాట్లాడలేదు, ఆయన నవ్వుకోని తెలుగులోనే బదులు చెప్పినాడు.

ఆ తర్వాత హైదరాబాదు రాజధాని అయిందా, లాల్ అహ్మద్‌ను ఆడికి బదిలీ చేసినారు. ఈయన కోరి తెచ్చుకున్న రాష్ట్రమే ఈయన సావాసగాణ్ణి ఎత్తకపోయింది, చూడు! ఆడ దొరికింది ఒక్క గది. పిల్లిని ఏడ పెట్టుకుంటారు? ఆయన భార్య ఖాతూన్బీ గోషా మనిషి, పరాయి మొగోళ్ల కంట పడదు, ఆమె పెంచిన పిల్లికీ గోషానే, పుట్టినకాడ నుంచి గడప దాటి ఎరగదు. తెల్లగా ఉంటదని చాందిని అని పేరు. ఖాతూన్బీ ఏడుస్తంటే మా పెదనాయన దొరమాదిరి, "పిల్లే గదమ్మా, నాకిచ్చిపో. మంచి ఇల్లు దొరికినాక వచ్చి తీసుకపో" అన్నాడు. ఆమె తెర చాటు నుంచి, "బిడ్డననుకో అన్నా, దానికేమన్నా అయితే నేను బతకలేను" అన్నది. మాటిచ్చినాడు. గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తెచ్చినాడు. గంప తెరిచినాడో లేదో, అది ఒక్క దూకు దూకి జొన్నల గాదె కిందికి దూరింది. ఇంక రాదే!

వీధంతా వచ్చి సలహాలు. మా అమ్మేమో, "పొయ్యి చుట్టూ తిప్పి బూడిద కాళ్లకు పుయ్యండి, ఇల్లు మరవదు" అని. తిప్పాలంటే ముందు చేతికి చిక్కాల గదా! కాఫీ హోటలు ఆదెయ్య, "అద్దం చూపించు రాజన్నా, జత ఉందనుకుంటది" అని. అద్దం గాదె కిందికి తోసినారు. దాని మొగమే దానికి కనపడి ఇంకా లోపలికి పోయింది. మా పెదనాయన పద్ధతి వేరే. చాందిని అంటే వెన్నెలే గదా అని పేరు మార్చినాడు. గాదె ముందర బోర్లా పడుకోని, "రామ్మా వెన్నెలా, పాలు తాగమ్మా" అని ఉపన్యాసం మాదిరి పిలుస్తాడు. పాలు పెడితే ముట్టదు, చేప పెడితే ముట్టదు. లోపల నుంచి ఒక సన్నటి మూలుగు, అదీ తగ్గిపోతా వచ్చింది. అప్పుడు భయం పట్టుకుంది మా పెదనాయనకు. అన్నం ముందర కూర్చోని కలిపింది కలిపినట్టే లేసిపోయేవాడు. మా పోలమ్మ పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఖాతూన్బీ ఎట్ల పిలిచేదో అట్ల పిలువు, నాకు ఆ మాట రాకపాయె" అన్నది. "ఊరి ముందర వేసిన ఒట్టు గదే!" అన్నాడీయన. "ఊరికి జెప్పు, చచ్చిన పిల్లిని మోసకపొమ్మని" అన్నది ఆమె.

మర్నాడు మధ్యానం ఆమెను చుట్టాలింటికి పంపించి, తలుపులు, కిటికీలు అన్నీ బిగించుకున్నాడు. నేను ఈ గోడకానుకోని పలకలకు చెక్క చట్రం కడతన్నా. అవతల నుంచి సన్నగా, "ఆజా అమ్మా... ఆజా చాందినీ... దూద్ పీలే బేటీ..." అని. అదే రామ్మా, పాలు తాగమ్మా అనేది, సాయిబుల మాటలో. నేను నమ్మలేదు, చేతిలో పని ఆపేసినా. ఆ మాటలకే వచ్చిందో, ఆకలికి ఓర్చుకోలేక వచ్చిందో దేవుడికే తెలియాల, వచ్చింది. పాలు నాకే చప్పుడు వినపడింది. తాగుతుంటే ఈయన ఏడుస్తన్నాడు, అదీ వినపడింది. ఆ పొద్దు నుంచి రోజూ అదే పని. తలుపేసుకోవడం, సాయిబుల మాటలో ఊరి సంగతులన్నీ దానికి చెప్పుకోవడం. లాల్ అహ్మద్‌తో చెప్పుకునేవన్నీ అన్నమాట. ఇంట్లో ఎవరో సాయిబుల చుట్టం దిగినాడని వీధిలో పుకారు. ఆదెయ్య అడగనే అడిగినాడు, "చుట్టాలొచ్చినారా రాజన్నా?" అని. "ఆ, దగ్గరోళ్లే" అని వచ్చేసినాడీయన.

ఎండాకాలమొచ్చినాక దిగినారయ్యా లాల్ అహ్మదూ ఖాతూన్బీ, జట్కా మీద. హైదరాబాదులో ఇల్లు దొరికిందంట. వాకిట్లో వీధి వీధంతా నిలబడింది. ఖాతూన్బీ ముసుగు సర్దుకోని గడప కాడ కూర్చోని పిలిచింది. చాందిని చెవులు రిక్కించింది. చూసింది. పోయి మా పెదనాయన మంచం కింద కూర్చుంది. ఆమె మళ్లీ పిలిచింది, రాలేదు. పాపం, ఆమె బాధ చూడలేకపోయినాం. ఆదెయ్య ఊరుకోకుండా, "ఇంక అది మన తెలుగు పిల్లి అయిపోయిందమ్మా!" అన్నాడు. అందరూ నవ్వినారు. మా పెదనాయన నోరు మూసుకోని ఉంటే చాలబ్బయ్యా. పిల్లీ ఉంటది, ఒట్టూ ఉంటది. లాల్ అహ్మద్ కూడా, "ఉండనీలే రాజూ, నీ దగ్గర సుఖంగా ఉంది" అన్నాడు, మంచి తెలుగులో. ఈయన ఖాతూన్బీ దిక్కు చూసినాడు. వీధిని చూసినాడు. తర్వాత మంచం కాడ మోకాళ్ల మీద కూర్చోని, గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేటట్టు, "ఆజా బేటీ. తేరీ అమ్మా ఆయీ హై. ఆజా" అన్నాడు, మీ అమ్మ వచ్చింది రా అని. అది వచ్చి ఆయన చేతుల్లోకెక్కింది. ఎత్తకపోయి ఖాతూన్బీ ఒళ్లో పెట్టినాడు. ఆదెయ్య నవ్వబోయి ఎందుకో ఆగిపోయినాడు. మా పెదనాయన గంపకు గుడ్డ కట్టాలని కూర్చున్నాడు, ముడి పడలేదు ఆయనకు. పెద్దమ్మ వచ్చి కట్టింది...

...

ఆఁ? ఎందుకాగినానా? ఏం లేదులే. నీ స్కూటరు ఎండలో పెట్టినావు చూడు, సీటు కాల్తది. పో, పోయి నీడకు పెట్టుకో.