హదస్సమ్మ ఎత్తుకున్న పిల్లగాడు

హదస్సమ్మ ఎవరంటవా? మీ అమ్మమ్మ ఇందాక ఫోన్ల ఏడ్సుకుంట ‘హదస్సమ్మ ఉంటే బాగుండు’ అన్నది గదా, ఆమెనే. పోయి శాన ఏండ్లయింది. జెర గిట్ల కూసో తిరుమల్, ఈ దవాఖాన సిస్టర్ లోపలికి పిలిసేదాంక చెప్త. మేము మౌలాలి రైల్వే క్వార్టర్లల్ల ఉన్నప్పటి ముచ్చట. మీ అమ్మకన్న ముందు మాకో పిల్లగాడు పుట్టిండు. పుట్టిండంటే... ఏడ్వలే. ఇయ్యాల పుట్టిన నీ బిడ్డ లెక్కనే. అప్పట్ల ఎవలు సూపిస్తరు? మా నాయిన గుడ్డల సుట్టి తీస్కపోయిండు. ‘నువ్ రాకురా, మొగోనివి, గుండె గట్టి జేస్కో’ అన్నడు. సరే అన్న. ఆ కాన్పుల వార్డుల ఆయా ఈ హదస్సమ్మ. సీతాఫల్‌మండిల ఉండేది. నాకన్న పెద్దది, ముందటి పన్ను లేదు, ఊకె నవ్వేది.

ఎవరింట్ల గిట్లయినా, ఎవలు పిల్వకున్నా పోయేది. మా ఇంటికైతే ఆదివారం సర్చి ఇడ్సినంక. మీ అమ్మమ్మ నాతోని మాట్లాడుడే బంద్ వెట్టింది, ఆమె వస్తే మాత్రం తలుపు దగ్గరేసుకొని ఒకటే ముచ్చట. ఏడ్సుడు, మల్ల నవ్వుడు సుత! నేను బయట చాయ్ తాగుకుంట కూసునేది. మండేది బిడ్డా. మొగన్ని నేను, నాకు చెప్పని మాట ఆమెకేంది? ఒకనాడు అననే అన్న, ‘ఏమమ్మా, నీకు ఇల్లు లేదా?’ అని. ఆమె గుస్స కాలే. ‘తమ్మీ, చెల్లె అడిగిందే అడుగుతది, పిల్లగాడు ఎట్లుండె అని. నేను సూసిన గన్క చెప్త. నీకు సుత చెప్పాల్నా?’ అన్నది. నేను చాయ్ గిలాస కింద వెట్టిన. ‘సెవులు నీయే. జుట్టు మస్తుండె. నీళ్లు వోసి, పౌడర్ రాసి, జెరసేపు ఒళ్లె వండవెట్టుకున్న’ అన్నది.

గప్పుడు గూడ ఏడ్పు రాలే, కుళ్లు వచ్చింది. నా కొడుకు ఆమె ఒళ్లె వన్నడు! నేనేమో వాని వేలు సుత వట్టుకోలే. ఆమె సచ్చిపోయిన్నాడు మీ అమ్మమ్మ సొంత అక్క పోయినట్టు ఏడ్సింది. నాకింక కోపమే. వాని మొకం ఆమెతోనే పాయె గదా. ఇంకోపాలి అడుగుదమంటే మనిషి లేదు.

నిన్ను జూసినా కుళ్లే వస్తున్నదిరా. సిస్టరే వచ్చి, ‘పాపను ఎత్తుకుంటరా సార్’ అని అడిగె. నువ్వేమో భయమైతుందంటవ్. అయితది. గని లోపల నీ పెండ్లాం స్వర్ణలత ఒక్కతే ఎత్తుకొని కూసున్నది. రేపు ఆ పాప ముచ్చట వస్తే ఆ పిల్ల ఎవలతోని చెప్పుకోవాలె? ఇంకో హదస్సమ్మ కోసం దేవులాడాల్నా? అగో, పిలుస్తున్నరు. లే. చెప్పులు ఈడ్నే ఇడ్సు.

తిరుమల్... ఆగు. నన్ను సుత రానిస్తరేమో అడుగుతవా?