ఒక్క కొన ఉన్న వెదురు గాలం

అబ్బబ్బ, ఒక్క వెదురు గాలం కొనడానికి ఇంత చచ్చేచావా, డ్వైట్! ఈ ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంతమందిని అడగలేదు. కూర్చో ముందు. బూట్లకి బురదైతే అయిందిలే, తర్వాత తుడుచుకుంటాను. గాలం పెట్టిన ఆ గొట్టం మాత్రం అప్పుడే విప్పకు. నేను చెప్పేదాకా ఆగు.

నవ్వుతావేం? పెళ్లికూతురు పెళ్లికొడుక్కి కానుక కొనకూడదని ఎక్కడైనా రాసుందా? శనివారం పెళ్లి పెట్టుకుని చేతులూపుకుంటూ ఎలా వస్తాను? అసలే ఇది నాకు రెండో పెళ్లి. హార్లన్ ఏట్లో పోయి రెండేళ్లు తిరక్కుండానే ఆయన స్నేహితుణ్ణి చేసుకుంటోందని ఊరంతా నోళ్లు నొక్కుకుంటున్నారు. నొక్కుకోనీ. నాకు మాత్రం నిన్ను సంతోషపెట్టాలనిపించింది, అంతే.

నీకేం కావాలో నాకు తెలీదా! ఆయన వెదురు గాలం బయటికి తీసినప్పుడల్లా నీ కళ్లు ఎలా మెరిసేవో నేను చూళ్లేదా! 'ఒక్కసారి ఇవ్వరా, ఒక్క ట్రౌట్ చేప పట్టి ఇచ్చేస్తా' అని వెంటపడేవాడివి. ఆయనేమో, 'నా పెళ్లాన్నైనా అప్పిస్తాను గానీ ఇది ఇవ్వనురా' అనేవాడు. మీరిద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను మరి.

కానీ ఆ ధరలేంటి నాయనా! పట్నంలో దుకాణం వాడు చెప్పిన ధరకి మా అక్క ఇంటికి కొత్త పైకప్పు వేయించుకుంది. చేత్తో చేసే ఒకాయన్ని అడిగితే, 'పేరు రాసుకుంటాను, నాలుగేళ్లకి ఇస్తాను' అన్నాడు. నాలుగేళ్లా! పెళ్లి శనివారం బాబూ అన్నాను. చౌకరకం ఒకటి దొరికింది గానీ, ఊపితే తడిసిన చీపురులా వేలాడింది. మా అక్క బెర్నీస్ అయితే, 'కార్బన్‌ది కొని పడెయ్యవే, చేపకేం తెలుస్తుంది' అంది. చేపకి తెలీదే, డ్వైట్‌కి తెలుస్తుంది అన్నాను.

చివరికి కొండ అవతల వాన్ ఎటెన్ ముసలాయన ఇంటికెళ్లాను. పాత గాలాలు కొని, బాగుచేసి అమ్ముతాడే, ఆయన. నీకు తెలిసే ఉంటుందిలే. నా దగ్గర ఎంతుందో దాచకుండా చెప్పేశాను. ముసలాయన నా మొహం చూసి, కాసేపు గడ్డం గోక్కుని, లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. 'మన కాట్‌స్కిల్ కొండల చేతిపనేనమ్మా, మేలైన సరుకు. కానీ ఒక్క కొనే ఉంది. అందుకే నీకు అందుతోంది' అన్నాడు.

నాకేం తెలుసు! ఇన్నేళ్లు గాలాల మనిషితో కాపురం చేశాను గానీ అవి ముట్టుకోనిస్తేగా ఆయన! ఒక్కో గాలానికి పిడి ముక్క ఒకటీ, దానికి తగిలించే కొనలు రెండూ చేస్తారట. ఇవాళ ఒక కొన వాడితే రేపు రెండోది వాడి, మొదటిదానికి విశ్రాంతి ఇస్తారట. ఒక కొన పోయిందా, ఇక దాన్ని అడిగే నాథుడే ఉండడట. పిడికి పైన పేరు రాసే చోట ఎవరో గీకేసి, మీద కొత్తగా వార్నిష్ పూశారు. ఎవరి పేరుంటే నాకెందుకు, అక్కడ నీ పేరు రాయిస్తే సరిపోతుందనుకున్నాను. ఎంత మురిసిపోయానో తెలుసా! కారులో పాటలు పాడుకుంటూ వచ్చాను.

ఆఁ, ఇప్పుడు విప్పు.

ఏం, మూత బిగుసుకుందా? నీ చేతులకి బిగుసుకోవడమేంటి! ఇటివ్వు. ఇదిగో, పిడి ముక్క. ఇదిగో, కొన. పట్టుకో. పట్టుకోవయ్యా, కరవదు. బాగుందా లేదా చెప్పు. గుమ్మంలోకి వచ్చినప్పటి నవ్వు ఏమైంది?

సరే, నేనే చెబుతాను.

ఇంటికొచ్చాక నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. ఒక్క కొనతో ఇస్తే కానుక వెలితిగా ఉంటుంది కదా, హార్లన్ గాలం కొన ఒకటి బీరువాలో ఉంది కదా అని. గుర్తుందా, వంతెన కింద ఆయన్ని పైకి తీసినరోజు షెరీఫ్ ఆఫీసు వాళ్లు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారే, అదే. మిగతాదంతా ఏరు లాక్కుపోయింది, ఇదొక్కటే దక్కిందన్నారు. ఇన్నాళ్లూ ఆ గుడ్డ విప్పడానికి కూడా నాకు చేతులు రాలేదు. నీ కోసం విప్పాను, డ్వైట్. నీ కానుక నిండుగా ఉండాలని విప్పాను.

ఒక గాలం కొన ఇంకోదానికి పట్టదని ముసలాయన ముందే చెప్పాడు. జాయింటు దగ్గర ఆ లోహపు గొట్టాలు ఉన్నాయే, అవి దేనికది అరగదీసి కూర్చుతారట. అయినా చూద్దాం, పోయేదేముందని పెట్టాను.

చూడు. ఇలా. ఈ పిడిలోకి ఆయన కొన దిగింది, చూస్తున్నావా? సందు ఉందా ఎక్కడైనా? వెంట్రుక దూరదు.

ఆ రోజు ఇలా పట్టగానే, ఇదిగో, ఈ పొయ్యి ముందే కూలబడ్డాను. దుంపలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా లేవలేకపోయాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను ముసలాయన దగ్గరికి. అమ్మినవాడి పేరు తెలీదన్నాడు. పొడుగాటి మనిషట. ఎడమచేతి బొటనవేలు సగమే ఉందట. ఇప్పుడు చెయ్యి జేబులో పెట్టుకుని ఏం లాభం? ఆ వేలు రంపం మిల్లులో ఎలా పోయిందో నువ్వే కదా నాకు చెప్పావు.

ఏట్లో దొరికిందనబోకు. దొరికితే తెచ్చి నాకివ్వవా? పేరెందుకు గీకుతావు? కొండ దాటి వెళ్లి ఎందుకు అమ్ముతావు?

అసలు పొయ్యిలో పెట్టేస్తే పోయేది కదయ్యా! నీ ఇంట్లో కట్టెల పొయ్యి చలికాలమంతా మండుతూనే ఉంటుంది. ఒక్క గుప్పెడు బూడిద. నేను ఏనాటికీ తెలుసుకునేదాన్ని కాదు. తెల్లటి గౌను వేసుకుని నీ పక్కన నిలబడేదాన్ని. ఎందుకు కాల్చలేదు? నేను చెప్పనా? నీకు చేతులు రాలేదు. మీ గాలాల వాళ్లంతా ఇంతే. చేత్తో చేసిన వెదుర్ని కాల్చడమంటే మీకు ప్రాణం పోతుంది. పెట్టుకుని ఉండలేవు, కాల్చలేవు. అమ్మేశావు.

ఇంకో సంగతి. ఈ కొన ఆయన గుప్పిట్లో ఉంది. ఆ వేళ్లు విడదీయడానికి ఇద్దరు పట్టారు. అప్పుడు ఆ ఏడుపులో నాకు తట్టలేదు. చేపలు పట్టేవాడు పిడి పట్టుకుంటాడు గానీ కొన పట్టుకుంటాడా? కొన ఆయన చేతిలో ఉంటే, పిడి ఎవరి చేతిలో ఉన్నట్టు?

నువ్వేమో వంతెన దాటి కింది మలుపులో ఉన్నానన్నావు. కేకైనా వినపడలేదన్నావు. అందరి ముందూ చెప్పావు, నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పావు. ఆ చెయ్యే కదా పట్టుకుని నేను లేచి నిలబడ్డాను!

ఆ రోజు ఆయన మనసు కరిగిందన్నమాట. ఒక్క ట్రౌట్ పట్టుకోరా అని నీ చేతికిచ్చి ఉంటాడు. నువ్వు ఒడ్డున దాన్ని ఊపుకుంటూ ఉన్నావు. ఆయన లోతులో కాలు జారాడు. నువ్వు గాలం చాచావు, ఆయన కొన అందుకున్నాడు. అంతేనా? ప్రవాహంలో ఉన్న మనిషి బరువుకి జాయింటు ఊడకుండా ఉంటుందా? కొన ఆయనతో పోయింది, పిడీ, గొట్టంలో ఉన్న రెండో కొనా నీ దగ్గర మిగిలాయి.

ఊడుతుందని నీకు తెలీదా, డ్వైట్? ఏటా ఏప్రిల్ రాగానే అగ్నిమాపక కేంద్రంలో కొత్తగా చేపలు పట్టేవాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పేది నువ్వే. 'మునిగేవాడికి గాలం చాచకండి, ఊడొస్తుంది. ఊతకర్ర ఇవ్వండి.' నేను ఆ మూల కాఫీ పోస్తూ ఎన్నిసార్లు విన్నానో! ఏట్లో నిలదొక్కుకోవడానికి వాడే ఆ ఊతకర్ర నీ నడుముకి తాడుతో వేలాడుతూనే ఉంటుంది. అది లేకుండా నువ్వు ఏటి గట్టున అడుగుపెట్టడం నేనెప్పుడూ చూళ్లేదు. ఆ రోజు కూడా ఉంది. మా వాకిట్లోకి వచ్చి కబురు చెప్పినప్పుడు అది నీ కాలికి తగులుతూ ఉంది, నా కళ్లకి ఇంకా కడుతోంది.

కంగారులో మర్చిపోయావా? అలా అను. మనిషన్నాక కంగారు పడడా? తెలిసినవన్నీ ఆ క్షణంలో గుర్తొస్తాయా? ఆ మాట ఒక్కసారి నీ నోటితో అను. కారులో దారంతా నీ గొంతు ఊహించుకుని ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. నిజంలాగే వినపడింది. నువ్వంటే నమ్మేస్తానేమోనని నాకే భయంగా ఉంది. నీ మీద నాకున్న ప్రేమ అలాంటిది, ఏం చెయ్యను!

అందుకే ఇంకా ఎవరికీ చెప్పలేదు. బెర్నీస్‌కి కూడా చెప్పలేదు. ఈ సంగతి తెలిసింది నీకూ నాకూ మాత్రమే.

ఆ ముక్క నీతో అనకూడదేమో కదూ.

ఎందుకు లేచావు? డ్వైట్, ఎందుకు లేచావు? తలుపెందుకు దగ్గరికేస్తున్నావు? వాన జల్లు లోపలికేం రావట్లేదు కదా. ఆ గాలం... అలా లాక్కోనక్కర్లేదు, ఇస్తాను. ఇదిగో, తీసుకో. నేనిక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోవట్లేదు. నీ మాట కోసమే కదా కూర్చున్నాను.

ఏం చేస్తున్నావు?

ఓరి దేవుడా. విడదీస్తున్నావు. చేతులు రెండూ దగ్గరగా పెట్టి, మెలి తిప్పకుండా, తిన్నగా. జాయింటుని చొక్కా అంచుతో తుడుస్తున్నావు. నేను అడిగింది నా మొగుడి గురించి! ఆయన నీ ముందే కొట్టుకుపోయాడా లేదా అని అడిగాను. నువ్వు దీనికి చెమ్మ తగిలిందేమోనని చూసుకుంటున్నావు.

నీ మొహం పాలిపోయింది. పెదాలు వణుకుతున్నాయి. నీ చేతులు చూడు. ఎంత నిదానంగా ఉన్నాయో చూడు. అవి కంగారు పడే చేతులు కావు, డ్వైట్. ఏం చెయ్యాలో అవి ఎప్పుడూ మర్చిపోవు.

తుడువు. తీరిగ్గానే తుడువు. నన్నేం చెయ్యాలో కూడా ఆ చేతులకి తెలిసే ఉంటుంది. ఈలోగా నన్నొక ఫోన్ చేసుకోనిస్తే, శనివారం చర్చి ఖాళీ అయిందని పాస్టరుగారికి చెబుతాను. ఎవరికైనా పనికొస్తుంది.