ఏడో రీలు

అబెవొకూటా అనే ఊళ్ళో అసాబి మామ్మ ఇంటి వరండా. పాత సినిమాలు భద్రపరిచే ఆఫీసు నుంచి వచ్చిన దిరాన్, సినిమా రీళ్ళున్న రేకు డబ్బాల మధ్య కూర్చుని ఉన్నాడు.

“మళ్ళీ లెక్కపెట్టాను మామ్మా. ఆరే ఉన్నాయి.”

“ఆరే ఉంటాయి మరి. లెక్కపెట్టిన కొద్దీ పిల్లల్ని పెడతాయా? ఆ అకరా వడలు తిను, చల్లారిపోతున్నాయి.”

“ఈ సినిమాకి ఆధారమైన నవల్లో, మీరు వేషం వేసిన అమ్మాయి చివర నదిలో దూకి చచ్చిపోతుంది. ఆరో రీలేమో ఆ పిల్ల ఒడ్డుకి రాగానే అయిపోయింది. దూకేది ఏడోదాంట్లో ఉండాలి. ఏదీ?”

“మేక తినేసింది.”

“పొద్దున వరదలో పోయిందన్నారు!”

“వరదలో కొట్టుకుపోతుంటే మేక తినేసింది. నీకెందుకయ్యా అంత ఆరా?”

“నవ్వులాట కాదు మామ్మా. లోకం మొత్తానికి ఈ సినిమా ప్రింటు ఇదొక్కటే. చివర లేని సినిమాని మావాళ్ళు బాగుచేయించరు. శుక్రవారంలోగా ఏడోది చూపించకపోతే ఈ ఆరూ ఇక్కడే పాడైపోతాయి. ఇప్పటికే పులిసిన వాసనేస్తున్నాయి. సినిమా తీసిన మీ ఆయన ఎవరికైనా ఇచ్చారేమో, కాస్త గుర్తు తెచ్చుకోండి.”

“మా అలాబీనా? ఇవ్వడమా! ఎవడో కాపీ తీసేస్తాడని తనే వ్యాను నడుపుకుంటూ ఊరూరా ఆడించేవాడు. ఆ డబ్బాల మీదే తల పెట్టుకు పడుకునేవాడు. పక్కన నేను దోమలు కొట్టుకుంటూ ఉండేదాన్ని.”

“పోనీ, అసలు తీశారా?”

“తీయకేం? నది దగ్గరికి తీసుకెళ్ళాడు. దూకు అన్నాడు. ముందు నువ్వు దూకు అన్నాను. ఇద్దరికీ ఈత రాదు. మా పోట్లాట చూసి చూసి కెమెరా ఆయన లేగోస్ బస్సెక్కేశాడు.”

“అంటే తీయలేదు!”

“నేనలా అన్నానా?”

“తీయకపోతే మా ప్రొఫెసర్‌గారు ఎలా చూశారు? చిన్నప్పుడు ఒషొగ్బోలో మొదటి వరసలో కూర్చుని చూశానని పుస్తకంలో రాశారు. మీరు నీళ్ళోడుతూ లేచి వస్తుంటే చుక్కలొచ్చి ఆయన మొహం మీద పడ్డట్టే ఉందట. అలాంటి కెమెరా పనితనం ఈ దేశంలో మళ్ళీ రాలేదట. నాలుగు పేజీలు!”

“నాలుగు పేజీలే! అయ్యో, నవ్వలేక చస్తున్నా. వీపు నిమురు నాయనా, పొలమారింది.”

“ఏమైంది మామ్మా? ఎందుకా నవ్వు?”

“ఆరో రీలు కాగానే అలాబి మిషను ఆపేవాడు. నేను తెర వెనక బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని జనం ముందుకొచ్చేదాన్ని. ‘చావమంటారా?’ అని అడిగితే ‘వద్దూ’ అని ఊరు ఊరంతా అరిచేది. సరే అని ఓ పాట పాడేసి వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి చివర మార్చేశామని నవల రాసినాయనే పోట్లాటకొచ్చాడు. తీరా చూస్తే అందరికంటే గట్టిగా ‘వద్దు’ అని అరిచింది ఆయనే!”

“ప్రతి ఊళ్ళోనూ ఇంతేనా?”

“ఒక్క ఊళ్ళో కూడా చావలేదురా అబ్బాయ్.”

“దేవుడా! మరి ఆఫీసులో ఏం చెప్పను? ఏడోది లేదనేగా?”

“ఎదురుగా కూర్చుంటే లేదంటావేంట్రా! ఆ ఆరింటికీ శుక్రవారం దాకా ఓపికుంది. ఏడోదానికి డెబ్భై తొమ్మిదేళ్ళు. ముందు కెమెరా తీయి.”