ఎల్డన్ బండి దిగిన వైనం

గడ్డి కోసే బండ్లు బాగుచేసే ఎల్డన్ స్కాగ్స్‌ని ఒక్క ముక్కలో జవాబడిగితే ఆ ముక్క తప్ప అన్నీ వస్తాయి. కెంటకీ కొండల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున వెర్లీన్‌కి అడగక తప్పలేదు.

శ్మశానాల్లో గడ్డి కోసే కాంట్రాక్టు ఆవిడది. ఎల్లుండే మెమోరియల్ డే. ఊళ్ళోవాళ్ళు పూలు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వస్తారు. కొండవాలు మీద చూస్తే గడ్డి మోకాలెత్తు పెరిగి, రాళ్ళ మీద పేర్లే కనిపించడం లేదు. ఎక్కి తోలే పెద్ద బండి వారం రోజులు ఎల్డన్ షెడ్డులో ఉండి ఇప్పుడే బయటికొచ్చింది. దాన్ని ఆ వాలు మీద తోలాల్సినవాడు ఆమె తమ్ముడు డోయిల్. అందుకే నెడ్రా డోనట్ కొట్లో ఎల్డన్ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని ఒకే ఒక్కటి అడిగింది.

"అన్నీ సరిచూశావా? మావాడు భయం లేకుండా ఎక్కొచ్చా?"

"సరిచూశానా అని అడుగుతావేంటి తల్లీ, నన్ను!" అంటూ ఎల్డన్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. కప్పు జరిగిందంటే అరగంట పోయినట్టే. కౌంటరు వెనకాల నెడ్రా, అక్క పక్కన డోయిల్ కూడా స్టూళ్ళు లాక్కున్నారు.

"ముందు టైర్లు. ఒకదాంట్లో గాలి తగ్గిందనుకో, కోత ఒక పక్క బోడిగుండు, ఇంకో పక్క జులపాలు. నాలుగూ సమానంగా కొట్టా. చదును నేల మీద నిలబెట్టి, తాళంచెవి తీసి, ప్లగ్గు వైరు పీకి, అప్పుడు గానీ కింద చెయ్యి పెట్టలా. బ్లేడ్లని కప్పే డెక్కు నాలుగు మూలలా కొలిచా. వెనకకంటే ముందు పావంగుళం కిందికుండాలి. ఉంది."

వెర్లీన్‌కి ప్రాణం కుదుటపడింది. ఇవాళ ముసలాయన దారిలోనే ఉన్నాడనుకుంది.

"బ్లేడ్లు సానపట్టా. పట్టాక మేకుకి తగిలించి చూడాలి, ఏ పక్కకీ ఒరగకూడదు. తగిలించా. నిటారుగా నిలబడింది. ఇంతలో ఒక ఈగొచ్చి ఎడమ కొసన వాలింది. ఎడమకి ఒరిగింది. ఈగని తోలేశా. అయినా ఒరుగుతోంది! ఎందుకో చెప్పుకోండి చూద్దాం."

"ఈగ కాలి మట్టి అంటిందేమో బాబాయ్," అన్నాడు డోయిల్.

"నీడరా! అది పైన తిరుగుతోంది, దాని నీడ పడ్డప్పుడల్లా బ్లేడు ఒరుగుతోంది. అంత నికరంగా తూగింది నా చేతిలో."

"నయం, నువ్వు దగ్గలేదు," అంది నెడ్రా.

"దగ్గొస్తే వీధిలోకి పోయి దగ్గి వచ్చా. సరే, ఇక తోలి చూడాలి కదా. షెడ్డు వెనక పచ్చికలో దింపి, బ్లేడ్లు తిప్పి, సగం దూరం పోయానో లేదో, ఎదురుగా తాబేలు. బుల్లిది, పాపం, తల లోపలికి లాక్కుని కూర్చుంది. మనసొప్పలా. దిగి, దాన్ని తీసి కంచె అవతల పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగి చూద్దును కదా, బండి నా కోసం ఆగలా! బ్లేడ్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి, అది దాని దారిన పోతోంది!"

"పట్టుకోలేదా?" అన్నాడు డోయిల్.

"అందితేనా! పచ్చిక అయిపోయింది, రోడ్డు దాటింది, దాటేముందు రెండు పక్కలా చూసుకుంది కూడా, బడి మైదానం కోసింది, గోల్ఫ్ ఆడేవాళ్ళ మైదానం కోసింది, వాళ్ళు ఆట ఆపి టోపీలు తీశారు. షెరీఫు కారేసుకుని వెంటబడితే దుమ్ము తప్ప ఏం దొరకలా. నేనా, డోనట్ తింటూ పక్కనే నడుస్తున్నా."

"కారుకి అందనిదాని పక్కన నడిచావా?" అంది నెడ్రా.

"పెద్ద అంగలేశానమ్మా! ఏడు కౌంటీలు అలా పోయాం. ఒహాయో నది వచ్చింది. ఆగుతుందనుకున్నారా? నీళ్ళ మీద నాచు కోసుకుంటూ అవతలికి పోయి, ఇండియానా గడ్డి రుచి నచ్చక వెనక్కొచ్చేసింది. ఆ కోసిన చాలు ఇప్పటికీ నది మీద ఉంది, పడవలవాళ్ళు దాన్ని పట్టుకునే పోతున్నారు. పొద్దుగూకేసరికి మా షెడ్డు ముందు నిలబడింది. ఆయిలు చూశా. ఒక్క చుక్క తగ్గితే ఒట్టు!"

డోయిల్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. వెర్లీన్ మాత్రం నవ్వలేదు.

"ఎల్డన్, ఒక్క మాట. తాబేలు కోసం నువ్వు దిగినప్పుడు ఇంజను నడుస్తూనే ఉందా?"

"రయ్యిమని!" అన్నాడు ఎల్డన్. అన్నాక ఎందుకో కప్పు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

వెర్లీన్ కిటికీలోంచి బయట ట్రైలరు మీదున్న బండికేసి చూసింది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజను ఆగిపోవాలి. సీటు కింద స్విచ్ ఉన్నదే అందుకు. ఆ వాలు మీద తమ్ముడు జారిపడితే, వాడి మీదికి దొర్లకముందే చచ్చి ఊరుకోవాలి బండి. నది అబద్ధం, షెరీఫు అబద్ధం. తాబేలు మాత్రం నిజమేనని ఆమెకి గట్టిగా అనిపించింది.

"పద, చూపిద్దువు గాని," అంటూ లేచింది.

నలుగురూ బయటికొచ్చారు. బండిని ట్రైలరు మీంచి కంకర మీదికి దింపారు.

"ఎక్కు," అంది వెర్లీన్ ఎల్డన్‌తో. ఎక్కాడు.

"బ్లేడ్లు తిప్పు." తిప్పాడు. కింద దుమ్ము లేచింది.

"ఇప్పుడు దిగు. తాబేలు కోసం దిగినట్టే."

"తాబేలేదీ?" అన్నాడు ఎల్డన్.

"ఉందనుకో."

"దిగు బాబాయ్," అన్నాడు డోయిల్. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, పాపం, వాడికింకా ఎక్కలేదు.

ఎల్డన్ తన బూట్లకేసి చూసుకున్నాడు. బూట్ల పక్కన లేస్తున్న దుమ్ముకేసి చూశాడు. బ్లేడ్ల మీట నొక్కి ఆపాడు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. తాళంచెవి పీకి జేబులో వేసుకున్నాడు. కింద చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు కింద పెట్టాడు.

డోయిల్ నవ్వు ఆగిపోయింది.

"స్విచ్ పాడైంది," అన్నాడు ఎల్డన్ నేల చూస్తూ. "కొత్తది రావడానికి నాలుగు రోజులన్నారు. నీకు తొందర కదా అని స్విచ్ తీసేసి వైర్లు రెండూ కలిపేశా. ఈ ఒక్క పండగ గడిచేదాకానే తల్లీ."

"శ్మశానంలో పడుకున్నవాళ్ళెవరికీ తొందర లేదు," అంది వెర్లీన్, తాళంచెవి కోసం చెయ్యి చాపి. "దిగేముందు అన్నీ ఎంత జాగ్రత్తగా ఆపుకున్నావు! మా తమ్ముడికున్నవీ కాళ్ళే, ఎల్డన్."