మరియమ్మకు మోకాళ్ళ మొక్కు

కార్తాగో ఊరి ప్రభుత్వాసుపత్రి వరండాలో ఒక పెద్దావిడకి దాహంగా ఉంది. కానీ బెంచీ మీంచి లేవాలంటేనే భయం.

"మోకాళ్ళేనా, అక్కా?" పక్కనున్న ఆవిడ అడిగింది.

"ఆఁ. ఆపరేషన్‌కి పేరు రాయించి ఏళ్ళయింది. పిలిస్తేగా!"

"అంతలా ఎలా అరిగాయి?"

"మా అమ్మకీ ఇదే బాధ. తనకి పిలుపు రావాలని ఏటా ఆగస్టులో చర్చి గుమ్మం నుంచి మన నల్ల మరియమ్మ పీఠం దాకా మోకాళ్ళ మీద వెళ్ళాను."

"వచ్చిందా మరి?"

"వచ్చింది. కొత్త మోకాళ్ళతో హాయిగా తిరిగేది. డాక్టర్లు మోకరిల్లొద్దన్నారంతే."

"మరిప్పుడు నీకోసం ఎవరు మొక్కుతున్నారు?"

"నా కూతురు. వద్దే తల్లీ అంటే వినదు. 'నా మోకాళ్ళకేమైందమ్మా, రాళ్ళలా ఉన్నాయి' అంటుంది."

"మంచి పిల్ల."

"నేనూ మా అమ్మతో సరిగ్గా అదే అన్నాను."